నమూనాలో లేని గోడ

మా ఊరు చూడడానికి టిక్కెట్టు కొనాలని నాకెవరూ చెప్పలేదు. కిటికీ ముందు నిలబడి పర్సు తెరిచాక కూడా సంగతి బుర్రకెక్కలేదు. లోపలున్న అమ్మాయి ఎంతమంది అని అడిగింది. నలుగురం. నేను, మా నాయన, నాయన తమ్ముడైన మా చిన్నాయన, ఆయన భార్య చిన్నమ్మ. ఊరు పోగొట్టుకున్నవాళ్ళకు టిక్కెట్టు అక్కర్లేదని పక్కన బోర్డు ఉంది కానీ, పోగొట్టుకున్నట్టు ఏదైనా ఆధారం చూపించాలట. పోయిన ఊరికి ఆధారం ఎవరు జేబులో పెట్టుకుని తిరుగుతారు? నేను నాయన వైపు చూశాను. నాయనేమో చిన్నాయన లేని వైపు ఏదో ఉన్నట్టు అటే చూస్తూ నిలబడ్డాడు.

"కొనెయ్ పాపా, గమ్మున. మనూరికి మనం సుట్టాలై వచ్చినామనుకో," అంది చిన్నమ్మ. నాకు యాభై దాటినా ఆమెకు ఇంకా పాపనే. కొన్నాను.

ఆ ఊరు రిజర్వాయరు కింద మునిగిపోయింది. మునిగిపోయిందని ఒక్క మాటలో చెబితే మాత్రం నాకే అబద్ధమాడినట్టుంటుంది. నేను హైస్కూల్లో చేరిన ఏడు, నీళ్ళొస్తున్నాయి లేవండి అన్నారు. లేచాం. తలుపులు, దూలాలు, రోలు, పొయ్యిరాళ్ళు బండ్లకెత్తుకుని, గుట్ట అవతల గరుసు నేలలో కట్టిన కాలనీకి వచ్చిపడ్డాం. నీళ్ళు మాత్రం రాలేదు. అనంతపురం జిల్లాలో నీళ్ళు రావడమంటే మాటలా? ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, చుక్క నీరు లేని కట్ట మీద రిజర్వాయరని బోర్డు పెట్టి పోయారు. ఏళ్ళ తరబడి ఆ పల్లం ఎండి పడి ఉంటే, మావాళ్ళే మళ్ళీ దిగి, వదిలేసిన చేలల్లో శనక్కాయ వేసుకున్నారు. పైకప్పుల్లేని మా ఇళ్ళలో మేకలు పడుకునేవి. తర్వాత ఒక ఏడు కాలువ నీళ్ళొచ్చి ఊరు మోకాలి లోతు మునిగింది. ఎండాకాలానికి మళ్ళీ తేలింది. అలా మునుగుతూ తేలుతూ, ఈ మధ్య కొన్నేళ్ళుగా పూర్తిగా నిండి, ఇక తేలడం మానేసింది. మునిగిన ఊరి కోసం ఏడవాలంటే ముందది తిన్నగా మునగాలి కదా. గుంతకల్లులో మా రైల్వే ఆఫీసులో ఎవరైనా సొంతూరేదని అడిగితే, ఉందనాలో లేదనాలో తెలియక అనంతపురం అని సరిపెట్టేదాన్ని.

మా ఇంట్లో ఊరికంటే ముందే మునిగింది ఇంకొకటుంది. అది నాయనకూ చిన్నాయనకూ మధ్య మాట. తాత కట్టిన మట్టి మిద్దెను అన్నదమ్ములిద్దరూ పంచుకున్నారు. ఒక ఏడు పంట పోయి, నాయన మమ్మల్ని తీసుకుని బళ్ళారి వైపు సుగ్గికి, అంటే కోతల కూలికి, పోయాడు. తిరిగొచ్చేసరికి, ఇంటి ముందు పశువులను కట్టేసే జాగాలో చిన్నాయన నడుమ రాతిగోడ లేపి, తన వైపు కొత్తగా ఒక వాకిలి పెట్టించుకున్నాడు. గోడ మా వైపుకు ఒక మూర జరిగిందని నాయన అన్నాడు. సరిగ్గా తాత గీసిన గీత మీదే ఉందని చిన్నాయన అన్నాడు. పెద్దమనుషులు కూర్చునేలోగా ఊరు లేవాలన్న కబురొచ్చింది. నీళ్ళల్లో మునిగే గోడకు పంచాయితీ ఏందప్పా అని ఊరంతా నవ్వింది. నాయన నవ్వలేదు. ఆ రోజు నుంచి ఇద్దరికీ మాటల్లేవు.

కాలనీలో చీట్లు వేసి జాగాలు పంచితే ఇద్దరికీ పక్కపక్కనే వచ్చాయి. మధ్యన గోడ లేదు, కంప కూడా లేదు. ఏదైనా చెప్పుకోవాల్సి వస్తే నేను కావాలి. "మీ చిన్నాయనకు చెప్పు, వాని ఎద్దు మన చొప్ప మేస్తాండాదని," అనేవాడు నాయన, చిన్నాయన అరుగు మీద కూర్చుని వింటుండగానే. నేను అటు తిరిగి అదే మాట మళ్ళీ చెప్పాలి. కొంచెం మెత్తగా చెబితే నాయనకు కోపం, ఉన్నదున్నట్టు చెబితే చిన్నాయనకు కోపం. కరవమంటే కప్పకు, విడవమంటే పాముకు అన్నట్టుండేది నా పని. నాకు పెళ్ళై గుంతకల్లు పోయాక ఆ పని చిన్నమ్మ మేకకు దక్కింది. మేకను తిడుతున్నట్టు తిట్టి, చెప్పాల్సింది చెప్పుకునేవాళ్ళు. మా అమ్మ పోయినప్పుడు పాడె మోసింది చిన్నాయన, ముందు నడిచింది నాయన. అంత దూరమూ ఒకరి వెనక ఒకరు నడిచారు, ఒక్క మాట లేదు.

ఇప్పుడు కట్ట పక్కన స్మృతివనం అని ఒకటి కట్టారు. మునిగిన ఊళ్ళ గుర్తుగానట. అందులో మా ఊరి నమూనా పెట్టారని చిన్నమ్మ ఫోన్ చేసి చెప్పింది.

"కాలనీలో అందరూ పోయి వాళ్ళ వాళ్ళ ఇంటి గడపకు పసుపు పూసి వచ్చినారు పాపా. మనింటికే లేదు. దిక్కులేని కొంప మాదిరి ఉండాది. మీ నాయన పోతే ఈయప్ప పోడు, ఈయప్ప పోతే మీ నాయన పోడు." ఆ తర్వాత అసలు సంగతి చెప్పింది. చిన్నాయనకు గుండె ఆపరేషన్ చేయాలన్నారు. వచ్చే వారం బెంగుళూరు పోవాలి. "పొయ్యేలోపల మీ నాయనతో ఒక్క మాట మాట్లాడించు. బాగుండావా అంటే సాలు. అన్న మాట్లాడకుండానే పోతానేమో అని ఆయప్ప మనసులో ఉండాది. నోరు తెరిచి చెప్పడు. నాకు తెలుసు."

నాకు భయం వేసింది. ఆపరేషన్ కంటే ఆ ఒక్క మాటకే ఎక్కువ భయం వేసింది.

మరుసటి సెలవు రోజున కాలనీకి వెళ్ళి ఆటో మాట్లాడాను. స్మృతివనం చూసొద్దాం రమ్మని నాయనకు నేను చెప్పాను. చిన్నాయనకు చిన్నమ్మ అదే చెప్పింది. ఇద్దరూ ఒకే ఆటో దగ్గరికి వచ్చి, ఒకరినొకరు చూసి, అయినా వెనక్కి పోలేదు. ఆ రోజు నాకు మొదట అర్థం కానిది అదే. ఎవరో ఒకరు విసురుగా లోపలికి పోతారని, ఏం చెప్పి తేవాలో అంతా సిద్ధం చేసుకుని ఉన్నాను. చెప్పాల్సిన పనే రాలేదు. నాయన డ్రైవరు పక్కన ఇరుక్కుని కూర్చున్నాడు, చిన్నాయన వెనక సీటు చివర కూర్చున్నాడు.

గేటు దాటగానే రాతి పలక మీద బంగారు రంగు అక్షరాల్లో త్యాగధనులు అని రాసి ఉంది. పక్కన సిమెంటు రైతు, సిమెంటు ఎద్దులు, కడవ ఎత్తుకున్న సిమెంటు ఆడమనిషి. ఎద్దులతో సహా అందరూ నవ్వుతున్నారు. ఊరు వదిలిన రోజు ఎవరైనా నవ్వారేమో నాకు గుర్తు లేదు. ఏడ్చారా అంటే అదీ గుర్తు లేదు. బండి మీద రోలు పక్కన కూర్చుని దారంతా నిద్రపోయానని అమ్మ చెప్పేది.

"ఈయమ్మ ఎవురు? మనూర్లో ఇంత తెల్లగ ఎవురుండ్రి?" అని చిన్నమ్మ ఆ విగ్రహం చుట్టూ ఒకసారి తిరిగింది.

నాయన పలక ముందే ఆగిపోయాడు. "త్యాగమంటే మనంతట మనం ఇచ్చేది గదా?"

"అవును నాయనా."

"మనం ఇచ్చినామా?"

నీళ్ళొస్తే కింది ఊళ్ళన్నీ పండుతాయని, కాగితాల మీద ముందు సంతకం పెట్టినవాళ్ళలో నాయన ఒకడు. మళ్ళీ ఆయనే, "నీళ్ళొస్తాయంటే ఇచ్చినాం. రాకపాయె. అప్పుడు గుంజుకున్నట్లాయె. ఇప్పుడు వచ్చినాయి. ఇప్పుడు మల్ల ఇచ్చినట్లా? ఏమోమ్మా," అన్నాడు. చిన్నాయన కొంచెం దూరంలో నిలబడి అదే పలక చదువుతున్నాడు. ఆయనకు వినపడిందో లేదో తెలియదు.

పక్కనే ఒక గదిలో అద్దాల వెనక పాతకాలపు వస్తువులు పెట్టారు. రోలు, చేట, కవ్వం, దంచే రోకలి. చిన్నమ్మ అద్దానికి ముక్కు ఆనించి చూసి, "ఇట్లాంటి రోట్లోనే గదా పాపా పొద్దున ఊరిబిండి నూరింది," అంది. నాకు నవ్వాలో, అద్దాన్ని తిట్టాలో తెలియలేదు. పొద్దున ఆ పచ్చడితో జొన్నరొట్టె తిని వచ్చిన నేను కూడా పాతకాలం దాన్నేనా అనిపించింది.

కట్ట మీదికి మెట్లున్నాయి. సగంలో చిన్నాయన కమ్మీ పట్టుకుని ఆయాసంతో ఆగాడు. పైన ముందు పోతున్న నాయన, వెనక్కి తిరగలేదు గానీ, అక్కడే కూర్చుని చెప్పులోంచి లేని రాయి తీసుకోవడం మొదలుపెట్టాడు. చిన్నాయన మళ్ళీ కదిలాకే లేచాడు. ఇది పలకరించినట్టా కాదా? చిన్నమ్మ నా వైపు చూసింది, నేను ఆమె వైపు చూశాను.

పైకెక్కితే నీళ్ళు. అన్ని నీళ్ళు చూస్తే మా జిల్లావాళ్ళకెవరికైనా కడుపు నిండుతుంది. నాకూ నిండింది. వెంటనే, వాటి అడుగున మా వంటిల్లు ఉందని గుర్తొచ్చి, సంతోషపడినందుకు సిగ్గేసింది. ఇందులో సిగ్గుపడడానికేముందని మళ్ళీ నా మీద నాకే కోపం వచ్చింది. ఊరు ఎటువైపు ఉండేదో చూపించబోతే నా వేలు ఒక పక్కకు, చిన్నమ్మ వేలు ఇంకో పక్కకు పోయాయి. పక్కన ఒక జంట నీళ్ళకు వీపు పెట్టి నిలబడి, ఫోటో తీసిపెట్టమని ఫోను నా చేతికిచ్చారు. తీశాను. బాగా వచ్చింది కూడా.

నమూనా రేకుల కప్పు కింద ఉంది. నాలుగు మంచాలు కలిపి వేసినంత అరుగు, చుట్టూ నడుమెత్తు ఇనుప కమ్మీ. టిఫిన్ డబ్బాలంత ఇళ్ళు, సందులు, చావడి, కల్లాలు. మొదట ఇది మా ఊరు కాదేమో అనుకున్నాను. ఇళ్ళన్నిటికీ ఎర్ర పెంకులేశారు. మా ఊళ్ళో పెంకుటిల్లు ఒక్కటీ లేదు. అన్నీ పైన చౌడు మన్ను పరిచిన మిద్దెలే. చూడడానికి బాగుంటుందని పెంకులు పెట్టినట్టున్నారు. గుట్ట నాకు కుడి పక్కన ఉండాలని అటు తిరిగి నిలబడితే చావడి వెనక్కి పోయింది. చావడిని సరిచేసుకుంటే గుట్ట తప్పింది. చుట్టూ తిరిగి ఎక్కడ నిలబడినా ఏదో ఒకటి తప్పుగానే ఉంది. తప్పు నమూనాదో, నాదో చెప్పేవాళ్ళు లేరు. చిన్నమ్మనడిగితే, "ఎట్లుంటేనేమి, మనూరే," అంది.

మా ఊరేనని నన్ను నమ్మించింది గడపలు. అగ్గిపుల్లంత గడపలకు పసుపు, పైన కుంకుమ బొట్లు. ఒక ఇంటి ముందు పెట్టిన చేమంతి పువ్వు ఎండి, వాకిలిని పూర్తిగా మూసేసింది. ఇంకో ఇంటి ముందు సగం అరటిపండు, దానికి చీమలు.

అక్కడి వాచ్‌మన్ మమ్మల్ని చూసి తల పట్టుకున్నాడు. "మీరూ పసుపు తెచ్చినారా? ఎంత సెప్పినా ఎవురూ ఇనరమ్మా. మొన్న ఒకాయప్ప టెంకాయ గూడా కొట్టినాడు. ఆ దెబ్బకు పక్కింటి పెంకు ఎగిరిపాయె. ఆ పక్కింటోళ్ళు వచ్చి నా మీద కొట్లాటకు దిగిరి."

నవ్వొచ్చింది. నవ్వుతుంటేనే ఏడుపూ వచ్చింది. ఏది ఆపుకోవాలో తెలియక చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను.

చావడి వెనక సందు చివర పసుపు లేని గడప ఒక్కటే ఉంది. నాయన ఒక పక్క నుంచి, చిన్నాయన ఇంకో పక్క నుంచి తిరిగి వచ్చి సరిగ్గా అక్కడే ఆగారు. మధ్యలో నేను, చిన్నప్పుడు నిలబడినట్టే.

ఇల్లు ఒక్కటే. వాకిలీ ఒక్కటే. ఇంటి ముందు జాగా ఈ చివర నుంచి ఆ చివరకు ఎక్కడా అడ్డం లేకుండా ఖాళీగా ఉంది. గోడ లేదు.

ఎవరో ముక్కూ ముఖం తెలియని మనిషి తెలియక చేసిన పనివల్ల, మా ఇల్లు తాత కట్టినప్పటి ఇల్లయింది. ఇంతకంటే మంచి అదను దొరకదనిపించింది. "సూడు నాయనా, గోడే లేదు. ఒకటే ఇల్లు," అన్నాను. చిన్నాయన కళ్ళలో నీళ్ళు తిరుగుతాయని, నాయన ఆయన భుజం మీద చెయ్యేస్తాడని ఎదురు చూశాను. నేను సినిమాలు ఎక్కువ చూస్తానని చిన్నమ్మ అనేది, నిజమే.

నాయన ముఖం ముడుచుకుంది. వాచ్‌మన్ వైపు తిరిగి, "ఏమప్పా, ఈడ గోడ యాడ?" అన్నాడు.

"ఏం గోడ?"

"ఈడ రాతిగోడ ఉండె," అన్నాడు చిన్నాయన. ఆయన చెప్పిందీ వాచ్‌మన్‌తోనే.

"నిలువెత్తు గోడ," అన్నాడు నాయన, వాచ్‌మన్‌తో.

"మన్ను మెత్తి, పైన కంప పెట్టింటి," అన్నాడు చిన్నాయన.

"కంప గూడా ఉండె," అని నాయన ఒప్పుకున్నాడు.

వాచ్‌మన్ ఒకసారి అటు, ఒకసారి ఇటు చూశాడు. "ఇంత ఇంటికి గోడుంటే ఏమి, లేకుంటే ఏమి పెద్దాయనా? ఎవురికి కనపడ్తాది?"

"మాకు కనపడ్తాది," అన్నాడు చిన్నాయన.

"అంతే గదా మల్ల," అన్నాడు నాయన.

ఇన్నేళ్ళలో ఇద్దరూ ఒక మాట మీద నిలబడడం నేను చూసింది అదే మొదటిసారి. అదీ ఒకరి ముఖం ఒకరు చూడకుండా. గోడ లేదని సంతోషపడాల్సిన మనుషులు, గోడ కావాలని కలిసి కొట్లాడుతున్నారు. ఏం జరుగుతోందో నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. "చింత సచ్చినా పులుపు సావలేదు," అని చిన్నమ్మ గొణిగింది.

షెడ్డు పక్కన మొక్కలకు అప్పుడే నీళ్ళు పెట్టినట్టున్నారు. చిన్నాయన వంగి, పాదులోంచి పిడికెడు బురద తీశాడు. వంగొద్దు, ఆయాసమొస్తాదని చిన్నమ్మ అరుస్తూనే ఉంది. బురదను రెండు అరచేతుల మధ్య పేనినట్టు పేని, కమ్మీ మీదుగా చెయ్యి చాపి, ఇంటి ముందు జాగాలో నిలువునా పెట్టాడు. "నా ఉద్యోగం పోతాది పెద్దాయనా," అన్న వాచ్‌మన్, అన్నాక అటు తిరిగి నీళ్ళు చూస్తూ నిలబడ్డాడు.

గోడ లేచింది. కానీ చిన్నాయన దాన్ని బాగా తన వైపుకు జరిపి పెట్టాడు. నాయన ఇన్నేళ్ళుగా అడుగుతున్న మూర జాగా, దాని మీద ఇంకొంత, మా వైపుకు వదిలేశాడు. అది చూడగానే చిన్నమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. చిన్నాయన చేతులు పంచెకు తుడుచుకుంటూ నమూనానే చూస్తున్నాడు. ఇప్పుడు నాయన ఒక్క మాట అంటే చాలు.

నాయన కళ్ళద్దాలు సర్దుకుని వంగి చూశాడు. చాలాసేపు చూశాడు.

"ఆడ కాదు," అన్నాడు.

"ఉండనీలే," అన్నాడు చిన్నాయన మెల్లగా.

"ఉండనీలే ఏందిరా? గోడ ఆడ ఉండ్లేదు."

నాయన కమ్మీ మీదుగా చెయ్యి చాపి, బొటనవేలితో ఆ తడి గోడను కొంచెం కొంచెంగా తోశాడు. మా వైపుకు తోశాడు. నడిమధ్యకు వచ్చాక ఆపుతాడనుకున్నాను. ఆపలేదు. మధ్య దాటి ఇంకా మా వైపుకు, ఆ బుల్లి ఇంటికి మూరంటే ఎంతో అంత లోపలికి తోసి, అప్పుడు చెయ్యి తీశాడు.

"ఈడ. నువ్వు కట్టింది ఈడ."

చిన్నాయన చూశాడు. "అవున్నా," అన్నాడు. "ఈడే."

చిన్నమ్మ కొంగు ముడిలోంచి పసుపు పొట్లం తీసింది. ఉన్న గడపకు పూసి, గోడకు అవతల, వాకిలి లేని చోట వేలితో ఇంకో పసుపు గీత గీసింది. అది వాళ్ళ గడప.

తిరుగు ప్రయాణంలో నాయన మళ్ళీ డ్రైవరు పక్కన, చిన్నాయన మళ్ళీ వెనక సీటు చివర. చిన్నమ్మ నా చెవి దగ్గరికి వంగి, "ఇప్పుడు మాట్లాడినట్లా, కొట్లాడినట్లా పాపా?" అని అడిగింది. నాకూ తెలియదన్నాను. బాగుండావా అని నాయన అడగలేదు. ఆపరేషన్ మాటే ఎత్తలేదు. వచ్చిన పని అయిందో కాలేదో తేల్చుకోలేక, రోడ్డు పక్కన శనక్కాయ చేలు చూస్తూ కూర్చున్నాను.

సాయంత్రం కాలనీలో ఇంటి ముందు కూర్చున్నప్పుడు ఇక ఆగలేక అడిగేశాను. "గోడ ఆడనే ఉండె అని నువ్వే అంటివి గదా నాయనా. మల్ల ఇన్నేండ్లు ఎందుకు కొట్లాడితివి?"

"ఉన్నింది ఆడే," అన్నాడు నాయన. "ఉండాల్సింది ఆడ కాదు."

"చిన్నాయన జరిపి పెట్టినాడు గదా. అట్లే ఉంచకూడదా?"

"నాకోసరం వాడు ఊరిని మారుస్తాడా? ఊరు ఎట్లుండెనో అట్లే పెట్టాల. పంచాయితీ వేరే," అన్నాడు. పక్కింటి ముందు చిన్నాయన కూర్చుని ఉన్నాడు. నాయన నా వైపే చూస్తూ, ఆయనకు వినపడేటట్టు గొంతు పెంచాడు. "ఇప్పుడేం అడగను. వాని గుండె బాగలేదు. బెంగుళూరుకు పోయి, బాగై రానీ. ఆ మూర జాగా సంగతి మల్ల అడుగుతా. ఇడిసిపెట్టేది లేదు."

అలవాటు ప్రకారం ఆ మాట అవతలికి చేరవేయడానికి నేను అటు తిరిగి నోరు తెరిచాను. నా అవసరం పడలేదు.

"అడుగన్నా," అన్నాడు చిన్నాయన, నాయన వైపే చూస్తూ. "నేను యాడికి పోతా?"